నల్ల కంబళి మీద కనపడనిది

రత్నమ్మ చావులో నా నోటికి వాటా ఉంది. ఈ ఒక్క వాక్యం ఏళ్ల తరబడి గొంతుదాకా వస్తుంది, మింగేస్తాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఆ మేరకే ధైర్యం.

మాది మడకశిర పక్కన ఒక పల్లె. గొర్రెల వాళ్లం. వాన రాని ఏడాది మాటలు తప్ప మనిషికి వేరే పంట ఉండదు, ఆ పంటలో నాది పెద్ద చెయ్యి. తోడేలు ఒకటొస్తే నాలుగంటాను. వినేవాళ్లకు నేను పెంచుతున్నానని తెలుసు. తెలిసే నవ్వుతారు. అందులో తప్పేముంది అనుకునేవాణ్ణి.

ఆ వేసవిలో విశ్వవిద్యాలయం నర్సింగు కళాశాల నుంచి ఇరవైమంది అమ్మాయిలు, ఒక మేడం దిగారు. చూశారా, ఇక్కడ కూడా నోరు ఆగలేదు. అమ్మాయిలు నలుగురే. కాన్పుల మీద పరిశోధన చేస్తున్నామన్నారు. నొప్పులు మొదలయ్యాక ఆసుపత్రికి పోవడం ఎక్కడ ఆలస్యమవుతుంది, నెత్తురు ఎక్కువ పోతే ఇళ్లలో ఏం చేస్తారు, ఈ ఎండల్లో నిండు చూలాలు నీళ్లకు ఎంత దూరం నడుస్తుంది, అవీ వాళ్లకు కావలసిన సంగతులు. పాలకేంద్రం అరుగు మీద ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని అడిగారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నిశ్శబ్దం నాకు పండగైంది.

మా అమ్మ మంత్రసాని. తాలూకాలో సగం మందికి ఆమే పురుడు పోసిందని మొదలుపెట్టాను. నిజానికి మా పల్లె, పక్క పల్లె, అంతే. కాన్పయ్యాక నెత్తురు ఆగకపోతే మా అమ్మ నల్ల గొర్రె ఉన్నితో నేసిన కంబళి పరిచి దాని మీద పడుకోబెట్టేదని, ఉన్ని తగలగానే నెత్తురు నిలిచిపోయేదని చెప్పాను. ఆ అమ్మాయిలు ఫోనులో నా గొంతు రికార్డు చేసుకుంటున్నారు. గొంతు ఇంకొంచెం పెంచాను.

ఆ మేడం రాయడం ఆపి, నల్లదాని మీద నెత్తురు ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది తాతా అని అడిగింది. నిలిచిపోయేదాన్ని చూసే పనేముంది తల్లీ అన్నాను. అరుగంతా నవ్వింది. కంబళి వల్ల నెత్తురు ఆగదని, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలని ఆమె నవ్వుల మధ్యనే చెప్పింది. నవ్వుల్లో ఎవరికి వినిపించింది? ఒక్క గంగమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె మా పక్కింటిది. పెద్ద కోడలు రత్నమ్మ అప్పుడు ఏడో నెలలో ఉంది. గంగమ్మ నా మాటను నవ్వడానికి వినలేదు, దాచుకోవడానికి విన్నది. నేను అది చూశాను. చూసి గర్వపడ్డాను.

ఇప్పుడు నిజం చెబుతాను. మా అమ్మ ఎవరింటికి పోయినా మొదట అడిగేది ఉతికిన పాత తెల్లపంచె. చిన్నప్పుడు ఆమె వెంట పోయి గడప బయట కూర్చునేవాణ్ణి. ఆమె ఆ పంచెను వెలుతురుకు పట్టి చూసేది. ఒక్కోసారి చూసి, మారుమాట లేకుండా ఆసుపత్రికి బండి కట్టమనేది. అది ఎందుకో నాకు తెలుసు. తెలిసీ తెల్లదాన్ని నల్లది ఎందుకు చేశాను? మా కులం నేసే కంబళి కాబట్టా? తెల్లపంచె అంటే ఆ అమ్మాయిల కళ్లు పెద్దవి కావనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా అడుగున దొరికేది ఒకటే, నేను మాట్లాడుతుంటే అందరూ నా వైపు చూడాలి.

రత్నమ్మకు నెలలు నిండకముందే నొప్పులు వచ్చాయి. మిట్టమధ్యాహ్నం, ఇంట్లోనే, గబుక్కున కాన్పయింది. ఆడపిల్ల. గంగమ్మ కంబళి పరిచింది. వంగి చూశారు. ఎరుపు ఎక్కడా లేదు. నిలిచిపోయింది అన్నారు. ఆ మాట గోడ ఇవతల నాకు వినిపించింది. లేచి పోవలసింది. నా కథ నిజమైందేమోనని, సిగ్గులేకుండా, ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఎండ వాలేసరికి రత్నమ్మ పెదవులు తెల్లబడ్డాయి. అప్పుడు బండికి ఫోను చేశారు. ఆమెను బండెక్కించాక కంబళి తీయబోతే ఒంటిచేత్తో లేవలేదు. అంత నెత్తురు తాగింది అది. రత్నమ్మ దారిలోనే పోయింది.

తర్వాత ఆ మేడం మళ్లీ వచ్చింది. ఆలస్యం ఎక్కడ జరిగిందని నన్నే అడిగింది. బండి రాలేదమ్మా అన్నాను. బండి పిలిచిన వెంటనే వచ్చింది. ఆమె తల ఊపి రాసుకుంది. కంబళి మాట నేనూ ఎత్తలేదు, గంగమ్మా ఎత్తలేదు. నా తప్పును ఆమె కప్పిపెడుతోందనుకున్నాను. అదీ కాదని నిన్ననే తెలిసింది.

నిన్న పొద్దున గంగమ్మ వచ్చి మా గడపలో కూర్చుంది.

"అన్నా, మీయమ్మ కంబళి ఇంగా ఉండాదా?"

"ఉండాది. ఏంటికి?"

"చిన్న కోడలికి నెలలు నిండినాయి. నాది సంతలో కొనిందాయె. మిల్లు దారం కలిపినారేమో, దానికే రత్నమ్మకు పని చెయ్యల్యా. నీది అసలు ఉన్నిది గదా."

ఇన్నేళ్లూ ఆమె తన కంబళినే తప్పుబట్టుకుంటోంది.

"గంగమ్మా, అది నేను అల్లిన కత. మాయమ్మ కంబళి యాపొద్దూ పరచలేదు. తెల్లపంచె అడిగేది. తెల్లదాని మీద నెత్తురు కండ్లకు కనపడల్లని."

ఆమె నా నోటి వైపు చూసింది.

"నవ్వేదానికి చెప్తివా అన్నా?"

"ఔ."

తిట్టి ఉంటే బాగుండేది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, రత్నమ్మ కూతురు బడికి సంచి తగిలించుకుని నిలబడి ఉంటే, దాని చెయ్యి పట్టుకుని నా గడప దిగిపోయింది.

ఈ పొద్దున ఆశా కార్యకర్తకు ఫోను చేశాను. చిన్న కోడల్ని ముందుగానే ఆసుపత్రిలో చేర్చమన్నాను. ఎందుకో కూడా చెప్పాను. రేపు వస్తానంది. నొప్పులు రేపటిదాకా ఆగుతాయా? నా గొంతు ఆ కళాశాలలో ఎక్కడో ఇంకా నల్ల కంబళి కథ చెబుతూనే ఉంటుంది. దాన్ని ఎంతమంది విన్నారో, విన్నవాళ్లలో ఎవరు నవ్వలేదో నాకు తెలియదు.

ఇందులో అమ్మాయిల లెక్క, అమ్మ పోసిన పురుళ్ల లెక్క తప్ప ఏదీ పెంచలేదు. ఆ రెండూ దిద్దుకున్నాను. గొంతులో ఉన్నది బయటికి వచ్చింది. అంతవరకే తేలిక. ఉన్న ఒక్క తెల్లపంచె ఉతికి, గంగమ్మ వాకిలికి కనపడేలా దండెం మీద ఆరేశాను. ఎండకు ఎప్పుడో ఆరిపోయింది. ఆ ఇంటి తలుపు మాత్రం పొద్దున్నుంచి మూసే ఉంది.