చెప్పులు చేతబట్టించిన పాఠం

మా అమ్మాయిని ఆరో తరగతి మధ్యలో బడి మాన్పించాను. అవి ఎనభైల చివరి రోజులు. కోడేరు దగ్గర మా ఊళ్లోని కోటలాంటి గడీ, భూములూ, ఊరి మీద పెత్తనమిచ్చిన పటేల్‌గిరీ అన్నీ పోయి వనపర్తిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఆ రెండు గదుల్లోనూ నేను తల ఎత్తుకునే తిరిగాను.

మాన్పించడానికి కారణం చరిత్ర చెప్పే సారు. మా ఊరివాడే. పాత రోజుల్లో మా గడీ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి చేతబట్టుకోవాలి. వాడు ఆ సంగతి పాఠంలో చెబుతూ మా అమ్మాయిని లేపాడు. "మీ తాత ముంగట మేం గిట్ల నడిచినం. నువ్వు జర నడిచి చూపియ్" అన్నాడు. పదకొండేళ్ల పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని బల్లల మధ్య నడిచింది. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

నేను బడికి పోయి కొట్లాడలేదు. నా బిడ్డ నోటితోనే, నలుగురిలో, వాడి తల వంచాలనుకున్నాను. ఏటా గ్రంథాలయంలో పిల్లలకు 'మా ఊరి చరిత్ర' మీద పోటీ ఉండేది. రాసింది నిలబడి చదవాలి. తీర్పు చెప్పేది ఆ సారే.

ఇంట్లో చరిత్ర పాఠాలన్నీ ఆ ఒక్క రోజు కోసం తయారు చేశాను. సోమవారం చదవాలి. మంగళవారం పుస్తకం మూసి నాకు చెప్పాలి. బుధవారం రాయాలి. వీలైన శనివారం పోయి చూడాలి; గద్వాల కోట గోడలు అట్లాగే చూపించాను. చదవడానికి నేను ఏరి ఇచ్చినవన్నీ చెరువులు తవ్వించినవాళ్ల కథలు, కరువులో గాదెలు తెరిచినవాళ్ల కథలు. రాతపనిలో మాత్రం విషం కలిపాను. సారు తండ్రి ఒక కరువంతా మా గాదెలోని జొన్నలతోనే బతికాడు.

"మేలు చేసిన ఇంటిని మరిచిన మనిషి గురించి పది వాక్యాలు రాయి" అన్నాను.

"పేరు రాయాల్నా నాయినా?"

"అక్కరలేదు. చదివేటప్పుడు సారు దిక్కు చూడు, చాలు."

వాడు తప్పులు వెతుకుతాడని తెలుసు. అందుకే ఒక నియమం పెట్టాను: తెలిసినవాళ్లను అడగకుండా ఒక్క మాట కూడా రాయకూడదు. అడిగితే మా గురించి గొప్పగానే చెబుతారని నా ధీమా.

అమ్మాయి మొదట అడిగింది ఇంట్లోనే ఉన్న మా అమ్మను. అమ్మ చింతపండు గింజలు తీస్తోంది.

"నాయినమ్మా, చెప్పులు ఎందుకు ఇడుస్తుండ్రి?"

"మర్యాద బిడ్డా."

"ఇడ్వకపోతే?"

"మీ తాత ఊకుంటుండెనా? గవే చెప్పులు నెత్తిన వెట్టి ఎండల నిలవెడుతుండె. మీ సారోళ్ల నాయినను నిలవెట్టలే? కాలుకు ముల్లు ఇరిగిందని ఇడ్వకుండ పోయిండు. శాన పొగరు!"

"అమ్మా, గవన్నీ ఇప్పుడెందుకు?" అన్నాను.

"దాసేదేముందిరా? మీ నాయిన చేసిండు, చేసిండంతే."

ఆ మాట కొట్టేయమన్నాను. అమ్మాయి కలం దించలేదు. "అడిగి రాయమన్నది నువ్వే గద నాయినా" అంది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో లేదు. ఉండనిచ్చాను.

పోటీ రోజు చెప్పులతోనే వేదిక ఎక్కింది. జొన్నల సంగతి చదివింది. ఎండలో నిలబెట్టిన సంగతీ చదివింది. చివర ఇట్లా ఉంది: "మా తాత అట్ల చేయించడం తప్పు. సారు నన్ను నడిపించడం తప్పు. నేను మా తాతను చూడనే లేదు." నేను చెప్పినట్టే సారు దిక్కు చూసింది. తర్వాత నా దిక్కు చూసింది.

వాడి తల వంగింది. దానికోసమే పోయాను, కళ్లనిండా చూశాను. నేను మాత్రం మెడ వంచలేదు.

బయట వాడు నా దగ్గరికి వచ్చాడు. "బిడ్డను మల్ల బడికి తోలుండ్రి" అన్నాడు.

"తోలను" అన్నాను.

లోపల మా అమ్మాయికి రెండో బహుమతే ఇచ్చాడు. మొదటిది పెబ్బేరు సంత గురించి రాసిన పిల్లకు పోయింది.

"ఆ పిల్ల నిజంగనే మంచిగ రాసింది నాయినా" అంది మా అమ్మాయి తోవలో.

సోమవారం పాఠం ఎప్పటిలాగే మొదలుపెట్టాను. బుధవారం రాతపని: తీర్పు చెప్పేవాడికి ఉండాల్సిన గుణాలు, పది వాక్యాలు.