నేను నేనేనని చెప్పడానికి గోలేటి దాకా

మా మనుమరాలు శ్రావణికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు ముప్పై ఎనిమిది వేల ఐదు వందలు. శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఆన్‌లైన్‌లోనే కట్టాలి, లేకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. డబ్బు నా ఖాతాలో సిద్ధంగా ఉంది. ఈ చదువు కోసమే రెండేళ్లుగా పెన్షన్‌లోంచి పక్కన పెడుతూ వచ్చాను. గురువారం పొద్దున ఫోన్లో కట్టబోతే, మీ గుర్తింపు ధ్రువీకరణ పూర్తికాలేదు, రోజుకు పది వేలకు మించి పంపలేరు అని వచ్చింది. ముఖం చూపించి కళ్లు ఆర్పమంది. ఆర్పాను. మళ్లీ ఆర్పమంది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లతో నేను ఆర్పీ ఆర్పీ అలసిపోయాక, వివరాలు సరిపోలలేదంది. కస్టమర్ కేర్ వాళ్లు ముప్పావుగంట సేపు సంగీతం వినిపించి, ఖాతా తెరిచిన బ్రాంచికే వెళ్లాలన్నారు. అది గోలేటిలో ఉంది. మా ఆయన చివరగా పనిచేసిన బొగ్గు గని అక్కడే. ఇప్పుడు నేనుండేది సెంటినరీ కాలనీలో, కొడుకు క్వార్టర్‌లో. కొడుకు ఖాతాలో అంత డబ్బు లేదు, పైగా ఫస్టు షిఫ్టు, గనిలోకి ఫోను తీసుకెళ్లనివ్వరు. కాబట్టి శుక్రవారం శ్రావణిని వెంటబెట్టుకుని నేనే బయలుదేరాను.

క్వార్టర్ నుంచి బస్టాప్‌కు ఆటో నలభై రూపాయలు. ఆరున్నర బస్సులో గోదావరిఖని చేరి, అక్కడ మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా ఆసిఫాబాద్ వెళ్లే బస్సు పట్టుకున్నాం. ఆడవాళ్లకు టికెట్ సున్నా, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరమ్మ నా కార్డు చూసి, "ఫొటోల మస్తు గట్టిగున్నవ్ గదా అవ్వా!" అంది. పదేళ్ల కిందటి ఫొటో అన్నాను. "అయితే నువ్వే. ముందటికి జరుగు, జాగ ఉన్నది," అని టికెట్ చేతిలో పెట్టింది. ఆ రోజు నా గుర్తింపు ధ్రువీకరణ సజావుగా జరిగింది ఆ బస్సులోనే. మంచిర్యాల బస్టాండులో రెండు ప్లేట్ల ఇడ్లీ అరవై, రెండు టీలు ముప్పై. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ మాత్రం నీళ్లు.

గోలేటి క్రాస్ రోడ్డు దగ్గర దిగితే టౌన్‌షిప్‌కు షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ఇరవై. డ్రైవరు ఎక్కడికని అడిగాడు. బ్యాంకుకన్నాను.

"పెన్షనా, కేవైసీనా?"

"కేవైసీ."

"అయితే నువ్వు సాయంత్రం దాక ఏడికి పోవు అవ్వా. వాపస్ గూడ నేనే తోల్కపోత, ఫికర్ జెయ్యకు," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

బ్యాంకులో పదిన్నరకు టోకెన్ తీసుకుంటే, కేవైసీ కౌంటరు ముందు కూర్చునేసరికి పన్నెండున్నర దాటింది. అధికారి కుర్రవాడే, గోదావరి జిల్లాల మాట. మర్యాదగానే మాట్లాడాడు. నా ఆధార్‌ను, ఖాతా వివరాలను పక్కపక్కన చూసి తల ఊపాడు. "భర్త పేరు కలవట్లేదండి. ఆధార్‌లో మల్లయ్య, మా దగ్గర ఓదెలు. మీకు భర్త ఎవరండి?"

డెబ్బై ఏళ్ల వయసులో, పదిమంది వరుసలో నిలబడి వింటుండగా, నన్ను అడిగిన ప్రశ్న అది.

ఈ ప్రాంతం తెలియని వాళ్లకు ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో గనిలో పని దొరికినవాడు ఒకడైతే, దిగినవాడు ఇంకొకడు. మా ఊరి ఓదెలుకు పని దొరికింది. ఒక్క షిఫ్టు దిగి, ఆ చీకటికి జడిసి, తెల్లారే ఊరికి పారిపోయాడు. అతని పేరు మీద మా ఆయన మల్లయ్య దిగాడు. ముప్పై ఒక్క ఏళ్లు దిగాడు. హాజరు, జీతం, చివరికి ఆయన పోయాక నాకొచ్చే పెన్షన్ అన్నీ ఓదెలు పేరు మీదే. ఊళ్లోని రేషన్ కార్డు, దాన్ని చూసి ఇచ్చిన ఆధార్ మాత్రం నన్ను మల్లయ్య భార్య అంటాయి. మా కాలనీలో ఇలాంటి ఇల్లు లేని వరుస లేదు.

ఇదంతా చెప్పాను. వెనక కుర్చీలోంచి ఒక ముసలాయన లేచి వచ్చాడు. మా ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసిన రాజలింగు. "ఓదెలన్న భార్య గాదు? వదినే, నువ్వేంది ఇట్ల!" అని, అధికారి వైపు తిరిగాడు. "సారూ, ఇద్దరు గాదు, ఒక్కడే మనిషి. నా పక్కపొంటి పనిజేసిండు. సాచ్చెం నేను జెప్త, రాస్కో."

"సిస్టమ్‌లో సాక్ష్యానికి చోటు లేదండి."

"గట్లనా? మరి మేము బొగ్గు దీసినప్పుడు ఏ సిస్టమన్న అచ్చి పేరడిగిందా?"

వరుసలో నవ్వులు. అధికారి కూడా నవ్వి, భోజనానికి లేచాడు. రెండున్నరకు తిరిగొచ్చి దారులు రెండున్నాయన్నాడు. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ తెస్తే పై ఆఫీసుకు పంపుతారు, పదిహేను రోజులు పడుతుంది. లేదా, ఖాతాలో భర్త పేరు పొరపాటున పడిందని ఇప్పుడే ఒక కాగితం మీద రాసిస్తే, సాయంత్రానికల్లా పది వేల హద్దు తీసేయొచ్చు.

"బాపమ్మా, రాసియ్యి," అంది శ్రావణి నా చెయ్యి పట్టుకుని. "మూడైతాంది. సీటు పోతది."

"పొరపాటని రాస్తే, ఇన్నాళ్లూ ఎవరి భార్యకు పెన్షన్ ఇచ్చామని రేపు వీళ్లే అడుగుతారు. అదీగాక, ముప్పై ఒక్క ఏళ్లు పొరపాటున దిగాడా మీ తాత?"

పిల్ల చెయ్యి వదిలేసింది. కళ్లలో నీళ్లు. నేను ఆమె వైపు చూడకుండా, పది వేల హద్దు ఫోనుకే గానీ ఖాతా ఉన్న బ్రాంచిలో నగదుకు ఉండదు కదా అనుకుని, విత్‌డ్రాయల్ స్లిప్పు తీసుకుని రాశాను. ఫీజుకూ పై ఖర్చులకూ కలిపి ముప్పై తొమ్మిది వేల ఐదు వందలు. పాస్‌బుక్‌తో కలిపి అదే అధికారి ముందు పెట్టాను. ఆయన సంతకం చూశాడు, ఫొటో చూశాడు, ఆమోదించాడు. పక్క కౌంటరులో నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు.

"ఇప్పుడు నేనెవర్ని?" అని అడిగాను.

"సంతకం కలిసిందండి," అన్నాడు, తల ఎత్తకుండా.

బయట రోడ్డు దాటితే ఒక ఇంటర్నెట్ సెంటరు. నడిపేది నలభై ఏళ్ల ఆడమనిషి. బ్యాంకులో పని కాలేదని చెప్పి, ఫీజు కట్టాలంటే, "పైసలిస్తే నా అకౌంట్ల నుంచి కడ్త. నూటికి రెండు," అంది. లెక్క ప్రకారం ఏడు వందల డెబ్బై. డెబ్బై తగ్గించమన్నాను. "నువ్వు బ్యాంకుల గిట్ల గీసి గీసి బేరమాడితే పనైతుండె గద అవ్వా," అని నవ్వుతూనే తగ్గించింది. నా పేరు అడగలేదు. నా భర్త పేరు అసలే అడగలేదు. నాలుగుంపావుకు రసీదు వచ్చింది. శ్రావణి దాన్ని రెండుసార్లు చదివి, నా భుజం మీద తల పెట్టి చాలాసేపు తియ్యలేదు.

తిరుగు ప్రయాణం అదే దారి. పొద్దుటి డ్రైవరు క్రాస్ రోడ్డు దాకా తెచ్చి, "అయ్యిందా అవ్వా?" అన్నాడు. కాలేదన్నాను. ఖర్చు మొత్తం: బస్సులు సున్నా, ఆటోలు నూట అరవై, ఇడ్లీ, టీ తొంభై, కమీషన్ ఏడు వందలు. తొమ్మిది వందల యాభై. బస్సులో శ్రావణి నిద్రపోయాక రసీదు తీసి చూశాను. చెల్లించినవారు అన్న చోట ఆ సెంటరు నడిపే ఆమె పేరు ఉంది. ఇంకొకరి పేరు మీద గని దిగినవాడి మనుమరాలికి ఇంకొకరి పేరు మీదే ఫీజు కట్టించాను. అప్పుడు మా ఆయనకు గత్యంతరం లేదు, ఆకలి. ఇప్పుడు నా డబ్బు నా చేతిలోనే ఉంది, అయినా గత్యంతరం లేదు. మనం ఎదిగామని ఎవరైనా అంటే ఈ రసీదు చూపిస్తాను. పది వేల హద్దు ఇప్పటికీ అలాగే ఉంది.

మీ ఇంట్లోనూ కంపెనీలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొక పేరు ఉంటే, అవసరం ముంచుకు రాకముందే రెండూ ఒకరివేనని అఫిడవిట్ రాయించి బ్రాంచిలో ఇచ్చి ఉంచండి. అంతవరకు ఎక్కడికి వెళ్లినా పాస్‌బుక్ వెంట పెట్టుకోండి. ఫోను ఇంట్లో మరిచిపోయినా ఫర్వాలేదు.