కుడిమూల పెట్టె

మా సంఘంలో ఆయన్ని అందరూ జోడద్దాలాయన అనేవారు. ముక్కు మీద ఒక జత, నుదుటి మీద ఒక జత. సూదిని చూడ్డానికి ఒకటి, మనుషుల్ని చూడ్డానికి ఒకటి అని ఆయనే చెప్పేవాడు. మనుషుల్ని చూసే జతకి దుమ్మెక్కువ అని నేననేదాన్ని. నేను కుట్టుమిషన్ల మెకానిక్కుల సంఘంలో పంతొమ్మిదేళ్లుగా గుమస్తాని. నోరు కాస్త ఎక్కువని పేరుంది, కాదనను. ఆయన గురించి రాద్దామని కూర్చుంటే ముందు నవ్వొచ్చే సంగతులే గుర్తుకొస్తున్నాయి. కానీ రాయాల్సింది అవి కావు.

సంఘానికి ఒక వికీ ఉంది. మెకానిక్కులు ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల వెబ్‌సైటు. ఏ మిషనుకి ఏ రోగం, దానికేం మందు, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని పెట్టినవాళ్లు వేరే పనుల్లో పడి వెళ్లిపోతే, యాభై మూడో ఏట ఈయన నెత్తికెత్తుకున్నాడు. నూనె చేతులకి కంప్యూటరేమిటని మేమంతా నవ్వాం. ఆయన పట్టించుకోకుండా స్టైల్‌షీటు నేర్చుకున్నాడు. పేజీ ఎలా కనపడాలో చెప్పే చిట్టా అది. అక్షరం ఎంత, రంగు ఏది, ఏది కనపడాలి, ఏది కనపడకూడదు, అంతా అందులోనే ఉంటుంది. మిషను విప్పినట్టే దాన్నీ విప్పేవాడు. ఒక లైను తీసి పక్కన పెట్టి, పేజీ మళ్లీ తెరిచి, తేడా చూసి, మళ్లీ బిగించేవాడు. ఓసారి విడిభాగాల పట్టిక పక్కకి ఒరిగిపోతే మూడు రోజులు అన్నం సంగతే మర్చిపోయాడు. తీరా చూస్తే ఒక సెమికోలన్ తక్కువైంది. "ఒక్క గుండీ తప్పు కాజాలో పెడితే చొక్కా అంతా వంకరే చెల్లెమ్మా" అన్నాడు. ఆ పూట మాత్రం రెండు కప్పుల టీ తాగాడు.

వెళ్లిపోయినవాళ్లు పోతూ పోతూ సైటుకి ఒక పెట్టె అతికించి పోయారు. బయటి కంపెనీ వాళ్లది, విడ్జెట్ అంటారు. పేజీకి కుడిమూల కింద కూర్చుంటుంది. అందులో ఎవరైనా ఏమైనా అడిగితే ఆ కంపెనీ పేజీలో మాకు కనపడుతుంది. మనిషి లేనప్పుడు దానంతటదే ఒక జవాబిస్తుంది. ఆ జవాబు ఈయన్ని రాసిమ్మన్నారు. "మీ మాట అందింది. తప్పక మాట్లాడతాను" అని రాశాడు. 'మాట్లాడతాం' అని పెట్టమన్నాను నేను. అలా అంటే ఆఫీసు వాసన కొడుతుందన్నాడు.

నెల తిరక్కుండానే గోల మొదలైంది. పెట్టె సరిగ్గా 'భద్రపరచు' బటన్ మీద కూర్చుంది. గంటసేపు రాసినవాళ్లు రాసింది దాచుకోలేకపోతున్నారు. పైకి జరిపితే పట్టిక మీదెక్కింది. ఎడమకి జరిపితే మెనూని మింగేసింది. ఎలాగో కుదురుగా కూర్చోబెట్టేసరికి కంపెనీ వాళ్లు లోపల పేర్లు మార్చేవారు, ఈయన పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే. పూర్తిగా పీకేద్దామంటే సర్వరు పాస్‌వర్డు వెళ్లిపోయినవాళ్ల దగ్గరుంది, వాళ్లు పలకరు. విసుగెత్తి స్టైల్‌షీటులో ఒక్క లైను రాశాడు, ఈ పెట్టె కనపడకూడదని. మాయమైంది. ఇక ఆ కంపెనీ పేజీ తెరిచే పనే లేకపోయింది. "తర్వాత తీరిగ్గా పీకేద్దాంలే" అన్నాడు. మా బతుకులకి తీరికెప్పుడు దొరికింది కనక.

ఇక వాళ్లక్క. ఆయనకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. వాళ్ల నాన్న కొట్లో ఆయన చేత మొదటిసారి బాబిన్‌కి దారం చుట్టించిందీ, స్క్రూడ్రైవరు పట్టించిందీ ఆవిడే. మా సంఘంలో ఆడ మెకానిక్కు ఆవిడొక్కతే. మూత తియ్యకముందే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసేది. తమ్ముడిది ఊరికి ఒక కొసన కొట్టు, ఆవిడది ఇంకో కొసన. ఆదివారం పూట ఈయన అక్క దగ్గరికెళ్లి తిట్లు తినొచ్చేవాడు. సోమవారం ఆఫీసులో ఆ తిట్లన్నీ మాకు గొప్పగా చెప్పుకునేవాడు.

చెడింది వికీలోనే. కింది దారం ముడులు పడితే ఏం చెయ్యాలన్న పేజీలో ఆవిడ నాలుగు లైన్లు రాసింది. ముందే స్క్రూ తిప్పకండి, బాబిన్ కేసు స్ప్రింగు కింద నూలుపోగు ఇరుక్కుని ఉంటుంది, దళసరి కార్డు మూలతో లాగేస్తే చాలు అని. అది నిజమేనని ఈయనకీ తెలుసు. కానీ ఎవరికి తోచింది వాళ్లు రాసి మిషన్లు పాడుచేస్తున్నారని, ప్రతి చిట్కాకీ కంపెనీ పుస్తకంలో పేజీ చూపించాలని ఈయనే రూలు పెట్టాడు. అక్క రాసింది తీసేసి, పక్కన 'ఆధారం లేదు' అని కారణం రాశాడు. మర్నాడు ఆఫీసుకి ఆవిడ ఫోన్ చేసింది. నేనే ఎత్తి ఇచ్చాను. ఆవిడ గొంతు నా కుర్చీ దాకా వినిపించింది.

"నేనేరా ఆధారం."

"రూలంటే రూలక్కా. నీకొకటీ లోకానికొకటీ పెట్టలేను."

"నీ చేతికి స్క్రూడ్రైవరిచ్చిన రోజు ఏ పుస్తకం చూపించాన్రా?"

"అది వేరు, ఇది వేరు."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. తిరిగి చెయ్యమని ఈయన్ని వారం రోజులు పోరాను. ఈయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆవిడ పట్టినదానికి రెండే. ఆదివారాలు ఆగిపోయాయి. అయినా అటు నుంచి ఒక్క మాట వస్తే చాలు, పరిగెత్తుకెళ్లేవాడని ఆఫీసులో అందరికీ తెలుసు. ఫోను మోగితే చాలు, తలెత్తేవాడు. సూదుల కంపెనీ వాళ్లనో, కరెంటాఫీసనో నేను చెప్తే మళ్లీ పనిలో పడేవాడు. "పెద్దది కదా, ముందు తనే పలకరించాలి" అనేవాడు. పెద్దదాన్ని నొప్పించినవాడే ముందు వెళ్లాలని మొహం మీదే చెప్పాను. వినలేదు.

అలా రెండేళ్లు గడిచాయి. ఒకరోజు పొద్దున తన కొట్లో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది ఆవిడ. గుండె. ఈయన వెళ్లాడు. మేనకోడలు ఈయన వైపు చూడనైనా లేదట. పుట్టెడు దుఃఖంలో ఉంది పాపం అనుకున్నాడు. ఆఫీసుకొచ్చి నా ఎదురుగా కూర్చుని, "ఒక్క మాటైనా పంపలేదు చెల్లెమ్మా" అని ఏడ్చాడు. చనిపోయిన మనిషి మీద కోపంతో ఏడవడం నేను అప్పుడే చూశాను.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం పూట, మేనకోడలు ఆఫీసుకొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒక్కదానికైనా జవాబివ్వలేకపోయావా మామయ్యా?"

"దేనికమ్మా?"

ఆ పిల్ల ఫోను తీసి బల్ల మీద పెట్టింది. వాళ్లమ్మ ఫోను. అందులో మా వికీ తెరిచుంది. కుడిమూల కింద ఆ పెట్టె, ఎక్కడుండాలో అక్కడే ఉంది.

ఆయన ఫోను దగ్గరికి లాక్కుని చూశాడు. ఫోన్లో తెరిస్తే వికీ వేరే స్టైల్‌షీటు చదువుతుంది. ఆయన రాసిన లైను కంప్యూటర్లకే పనిచేసింది. ఆయనది బటన్ల ఫోను. ఆఫీసులో మేమంతా కంప్యూటర్లోనే చూస్తాం. మా కళ్లకి లేని పెట్టె, ఫోన్లున్న జనానికి రెండేళ్లుగా కనపడుతూనే ఉంది.

ఆవిడ రాసినవి ఆయన పైకి చదవలేకపోయాడు. నేను చదివాను. "నేనేరా. ఓ పాత మిషను వచ్చింది, బట్టని లాగే పళ్లు బాగానే ఉన్నాయి గానీ బట్ట జరగదు. నువ్వైతే ఏం చేస్తావు?" దాని కింద జవాబు, "మీ మాట అందింది. తప్పక మాట్లాడతాను." నెల తర్వాత ఇంకొకటి. "ఈ మధ్య చెయ్యి వణుకుతోంది. దారం ఎక్కించడానికి అమ్మాయిని పిలుస్తున్నా. ఎవరికీ చెప్పకు." మళ్లీ అదే జవాబు. అలా ముప్పైకి పైగా ఉన్నాయి. ఆఖరుది పోవడానికి నాలుగు రోజుల ముందు రాసింది. "అందిందంటావు. మాట్లాడతానంటావు. ఎప్పుడ్రా?"

"మీ అమ్మ ఫోన్ చెయ్యొచ్చు కదే" అన్నాడాయన.

"చెయ్యమనే చెప్పాను. గొంతు వింటే తిట్టేస్తాను, రాస్తే తిట్లు రావు అంది."

నా పాపం కూడా ఇక్కడ చెప్పాలి. అంతకు ఏడాది ముందు ఒక మెకానిక్కు ఆఫీసుకొచ్చి, మీ పెట్టెలో రాస్తే పలకరేమండీ అని నన్నడిగాడు. కంప్యూటరు అతని వైపు తిప్పి, ఏ పెట్టె బాబూ, కలగన్నావా అని నలుగురిలో ఎగతాళి చేసి పంపాను. పోనీలే, ఓసారి ఈయనకి చెబుదామని కూడా తోచలేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికిలి చిన్నదేం కాదు. ఇప్పటికీ అది తలుచుకుంటే అన్నం సయించదు.

ఆయన కంప్యూటరు ముందుకి జరిగి కంపెనీ వాళ్ల పేజీ తెరిచాడు. ఆ పేజీ పాస్‌వర్డు మూడోసారికి గుర్తొచ్చింది. అక్క రాసినవన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన 'చదవనిది' అని ఉంది. అమ్మాయి వంగి, మొదటి నుంచి చివరిదాకా ప్రతి లైనూ చూసింది. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయితే నీకు నిజంగా అందలేదా?"

"అందలేదమ్మా. నీ మీదొట్టు."

ఆ పిల్ల తల ఊపింది. నేను మంచినీళ్లిస్తే తాగకుండా గ్లాసు చేతిలోనే పట్టుకుంది. ఆయన తెర వైపు తిరిగే అడిగాడు.

"నా మీద కోపంతోనే పోయిందా మీ అమ్మ?"

"అమ్మ కోపం ఎప్పుడో తగ్గిపోయింది మామయ్యా. నీకే ఇంకా తగ్గలేదనుకుంది, చివరిదాకా."