ఆరుకు ఏడు వచ్చిన రోజులు

రూపాయి రెండు రకాలుగా ఉండేదంటే నా మనవలు నమ్మరు. "మన దేశంలోనా?" అని నవ్వుతారు. మన దేశంలోనే. కాకపోతే అప్పుడు మాకు బొంబాయి పరదేశం కిందే లెక్క. మా నల్లగొండ జిల్లాలో నడిచేది నిజాం సర్కారు హాలీ సిక్కా. సరిహద్దు దాటితే నడిచేది ఇంగ్లీషు సర్కారు రూపాయి, కల్దారు. ఆరు కల్దార్లు ఇస్తే ఏడు హాలీలు వచ్చేవి. అట్లా పైన వచ్చే రూపాయిని మేము వట్టం అనేవాళ్ళం. ఆ ఒక్క రూపాయి మీద మా చెల్లెలు మా ఇంట్లో నిలబడి ఉందని నాకు తెలుసు. ఎట్లా నిలబడి ఉందో తెలిసింది మాత్రం ఆ వట్టం పోయిన తర్వాతే. తెలిసిన నాటి దిమ్మ నాకు ఇప్పటికీ పూర్తిగా వదలలేదు.

మాది మోత్కూరు దగ్గరి ఊరు, మగ్గం ఇల్లు. యుద్ధం తర్వాత నూలు దొరకడం కష్టమై మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా వీధిలో మగవాళ్ళు సగం మంది బొంబాయి మిల్లులకు పోయారు. మా ఇంటాయన కూడా పోయాడు. ఏడాదికోసారి వచ్చేవాడు. నెలనెలా ముప్పై కల్దార్లు పంపేవాడు. మా వీధి పెద్దాయన ఒకరు బొంబాయికి, ఊరికి మధ్య తిరుగుతూ అందరి డబ్బూ, అందరి కబుర్లూ మోసుకొచ్చేవాడు. ఆయన తెచ్చిన నోట్లు పట్టుకుని నేను మోత్కూరు అంగడికి నడిచిపోయి సేటు దగ్గర మార్చుకుని వచ్చేదాన్ని. ముప్పై ఇస్తే ముప్పై అయిదు వచ్చేవి.

ఇక్కడే మా వీధి కట్టడి ఒకటుంది. బొంబాయి నుంచి ఎన్ని అని చెప్పి పంపితే అన్నీ ఇంటివి. ముప్పై అంటే ముప్పై హాలీలు అత్త చేతిలో పెట్టాలి. పైన వచ్చే వట్టం ఆ ఇంటి కోడలిది. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ కాదనలేదు. అది మొగుడు పంపింది కాదు, అత్త దాచింది కాదు. సేటు గల్లాలోంచి ఊడిపడింది. దానికి లెక్క అడిగే హక్కు ఎవరికీ లేదు. ఒకామె ఆ డబ్బుతో చీటీ కట్టేది. ఒకామె గుట్టుగా తల్లిగారింటికి పంపేది. మా పక్కింటామె ముక్కుపొడుం కొనుక్కునేది, అదీ మొగుడు పీల్చే దానికన్నా మంచి రకం. కొంగు చివర ముడి ఉంటే ఆడదాని నడకే వేరుగా ఉంటుంది. మా వీధిలో కోడళ్ళందరం అట్లాగే నడిచేవాళ్ళం.

నా అయిదు రూపాయలు మా చెల్లెలి తిండికి పోయేవి. దేవరకొండ వైపు ఇచ్చారు దాన్ని. పెళ్ళయిన మూడో ఏడే మొగుడు జ్వరంతో పోయాడు. అత్తింటివాళ్ళు నాలుగు తిట్లు కట్టిచ్చి పంపించారు. మా తల్లిదండ్రులు అప్పటికే లేరు. నా దగ్గరికి కాక ఇంకెక్కడికి వస్తుంది? ఇరవై నిండని పిల్ల, మనిషి నదరుగా ఉంటుంది, ఇంట్లో మగదిక్కు బొంబాయిలో. చెప్పాలా మరి, ఊరి నోళ్ళకు పండుగ. ఇంకా ఆడుతున్న ఇతరుల మగ్గాలకు చెల్లెలు నూలు కండెలు చుట్టేది. ఆ కూలి ఉప్పుకూ చింతపండుకూ సరి.

మా అత్త చెడ్డది కాదు, నోరే చెడ్డది. జొన్న గటక వడ్డించిన ప్రతిసారీ చెల్లెలిని అడిగేది.

"ఎవల సొమ్ము తింటున్నవే నువ్వు?"

చెల్లెలు తల ఎత్తి చెప్పేది. "అక్క వట్టం తింటున్న అత్తమ్మా. నీ కొడుకు సొమ్ము తింటలేను."

అంతే, అత్త నోరు మూతపడేది. వట్టం కోడలిది కదా, ఏమంటుంది? బయటివాళ్ళు అడిగినా మా అత్తే ఆ మాట తిప్పి చెప్పేది: "ఆ పిల్ల మా వాని సొమ్ము ముట్టది, అక్క వట్టం తింటది." మాట చిన్నదే. కానీ వయసులో ఉన్న విధవ పిల్ల బావ ఇంట్లో బావ తిండి తింటోందని అనిపించుకోవడానికీ, అక్క దగ్గర అక్క తిండి తింటోందని అనిపించుకోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో మా వీధిలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

నిజాం రాజ్యం పోయి రెండు మూడేళ్ళయింది. హాలీ పోతుంది, కల్దారే ఉంటుందని అప్పుడప్పుడూ వినేవాళ్ళం. రాజులు పోయారు, రజాకార్లు పోయారు, సిక్కా పోతే మనదేం పోయిందనుకున్నాం. ఆ నెల ఎప్పటిలాగే ముప్పై నోట్లు పట్టుకుని సేటు ముందు కూర్చున్నాను. ఆయన చేయి చాపలేదు.

"వట్టం లేదమ్మా ఇగ. హాలీ బందైతాంది. సర్కారు వాపస్ తీస్కుంటాంది. నీ ముప్పై నువ్వు పట్టుకపో, అంగట్ల అవే నడుస్తయి."

"గట్లెట్ల సేటూ? మొన్నటిదాక ముప్పై అయిదు ఇస్తివి గద."

"హాలీలే కావాలంటే ఇస్త, నాకేంది. గని వాటిని ఇప్పుడు ఎవడు తీస్కుంటడు? రేపు మళ్ళ నా దగ్గరికే వస్తవు."

నాకు నోరు లేచింది, బాగానే లేచింది. ఆయన గల్లాపెట్టె ఎప్పుడెప్పుడు ఎట్లా నిండిందో నాకు తెలిసినంత వరకూ చదివాను. అంగడి ఆగి చూసింది. సేటు నవ్వుతూ కూర్చున్నాడు. తిట్లు అయిపోయాక నాకొక సంగతి తట్టింది.

"సరే, ఆరు కల్దార్లంటే ఏడు హాలీలే గద. మరి మొన్న ఏడు హాలీలకు ఇచ్చిన జొన్నలు ఇయ్యాల ఆరు కల్దార్లకు ఇయ్యి."

సేటు నవ్వు ఆపి నన్ను మర్యాదగా చూశాడు. "లెక్క నీదే సరైనది బిడ్డా. ధర మాత్రం ఏడే."

లెక్క సరిగ్గా ఉంటే న్యాయం జరుగుతుందని అప్పటిదాకా నమ్మినదాన్ని. ఈ మనిషి లెక్క ఒప్పుకున్నాడు, జొన్నలు మాత్రం ఒప్పుకోలేదు. రూపాయి పేరు మారింది, ధర అంకె మారలేదు. వట్టం ఎక్కడికీ పోలేదు. నా కొంగు ముడి ఊడి అంగడివాళ్ళ గల్లాలో పడింది, అంతే.

ఇంటికి వచ్చేసరికి వీధంతా చావు జరిగినట్టుంది. చీటీ కట్టే ఆమె అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది. పొడుం డబ్బు పోయిన మా పక్కింటామె కనపడ్డ ప్రతివాళ్ళతో కొట్లాడుతోంది. దొంగతనమైతే పోలీసు పటేలుకు చెప్పుకోవచ్చు. మొగుడు ఎగ్గొడితే పంచాయితీ పెట్టవచ్చు. ఇది ఎవరి మీద చెప్పాలి? పోయిందని చూపించడానికి మాకు అది ఉన్నదని రాసిచ్చినవాడు కూడా లేడు.

ఆ రోజు గటక దగ్గర అత్త మామూలుగానే అడిగింది. ఆమెకు అది అలవాటు మాట, కావాలని అన్నది కాదని ఇప్పుడు అనుకుంటాను.

"ఇగ ఎవల సొమ్ము తింటవే?"

చెల్లెలి చేయి కంచంలోనే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి టక్కున వచ్చిన జవాబు ఆ రోజు రాలేదు. నేను ఏదో ఒకటి అరిచాను. అత్త నా మీద అరిచింది. చెల్లెలు సగం కంచం వదిలి లేచిపోయింది. ఆ రోజు నుంచి తన కండెల కూలితో వచ్చిన నూకలు వేరే కుండలో కాచుకుని తాగేది. నేను ఎంత బతిమాలినా నా కుండ ముట్టలేదు. దసరా వచ్చేసరికి దాని రవిక భుజాల మీద నిలవడం లేదు. ఇంట్లో జొన్నలున్నాయి, నా చెల్లెలు ఆకలితో ఎండిపోతోంది. అట్లాంటిది జరుగుతుందని ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు.

దసరాకు మా ఇంటాయన వచ్చాడు. నెమ్మది మనిషి. ఎద్దులాగా ఎక్కడ తోలితే అక్కడికి పోతాడని మా అత్త అనేది, కన్నకొడుకనైనా చూడకుండా. అందరం ఇంట్లో ఉన్న ఒక పొద్దున నేనే ఎత్తుకున్నాను. వట్టం పోయిన సంగతి, సేటు సంగతి, చెల్లెలి వేరే కుండ సంగతి అన్నీ చెప్పాను. ఆయన కూడా నాలాగే అదిరిపోతాడనుకున్నాను. ఆయన చిక్కుపడిన దారం విప్పుతూ విన్నాడు.

"నాకు ఎరుక లేదనుకున్నవా?" అన్నాడు. "మా ఖోలీల, ఆ ఒక్క అర్రల ఉండే అందరిది గదే లెక్క. ఇంటికి ముప్పై కావాలె, నీ చెల్లెకు అయిదు కావాలె. హాలీల ముప్పై అయిదు రావాలంటే కల్దార్ల ముప్పై పంపాలె. గట్లనే పంపిన, ఆ పిల్ల వచ్చిన కాడికెళ్ళి."

నా వట్టం! నా కొంగు ముడి! ఎవరిదీ కానిది, ఆకాశంలోంచి రాలిందని నేను గర్వంగా ఖర్చు పెట్టిన ప్రతి రూపాయినీ ఈ మనిషి బొంబాయిలో కూర్చుని ముందే లెక్కవేసి పంపాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఆ సోకు నాదేనని నాకు ఆ క్షణంలో తెలిసింది. కోపం వచ్చింది. వెంటనే ప్రేమ కూడా వచ్చింది, దాచడం ఎందుకు. ఇన్నేళ్ళూ నా పేరు మీద నా చెల్లెలిని సాకి, ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు.

"మరి ఎన్నడు చెప్పకపోతివి?" అన్నాను.

"చెప్తే మంచిగుంటదా? చెప్పకుంటనే మంచిగుండె." తల్లి వైపు తిరిగాడు. ఎప్పుడూ లేనిది గొంతు పెంచాడు. "అమ్మా, ఇగ ఆ పిల్లను ఏం అడగకు. వచ్చే నెలకెళ్ళి ముప్పై అయిదు పంపుత. ఆమె తిండి నా జిమ్మ, నేను సూసుకుంట. ఇన్ని దినాలు గూడ నా జిమ్మనే."

నాకు కొండంత భారం దిగినట్టయింది. కొడుకు గొంతు విని అత్త బిత్తరపోయింది. నేను నవ్వుతూ చెల్లెలి వైపు చూశాను. దాని ముఖం చూసి నా నవ్వు నోట్లోనే చచ్చిపోయింది. దెబ్బ తిన్న ముఖం అది. రాట్నం పక్కకు పెట్టి లేచి పెరట్లోకి పోయింది. వెనకాలే పోయాను.

"అక్కా, ఇన్నేండ్లు నేను బావ సొమ్ము తిన్ననా?"

"అయితే ఏంది? సంతోషంగ పెడుతనంటున్నడు గద."

"ఊరందరికి చెప్పిన అక్కా. తల ఎత్తి చెప్పిన. బావ సొమ్ము ముట్టలేదని."

"ఊరికేం ఎరుక? ఇంట్ల మాట ఇంట్లనే ఉంటది."

"నాకు ఎరుకైంది గద." కొంగు నడుముకు దోపుకుంది. "బావ మంచోడే. గందుకే ఉండలేను. చెడ్డోడైతే కొట్లాడి తినేదాన్ని."

దాని మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. పట్టుదల అనుకున్నాను, రెండు రోజులకు తగ్గుతుందనుకున్నాను. మా ఇంటాయన బొంబాయికి బయలుదేరిన వారంలోనే మా వీధి కుటుంబం ఒకటి షోలాపురం పోతుంటే చెల్లెలు వాళ్ళతో కలిసింది. అక్కడ మన పద్మశాలీల ఆడవాళ్ళు బీడీలు చుడతారు, ఎవరి కూలి వాళ్ళకు ఇస్తారు. బస్సు దగ్గర నేను ఏడ్చాను, తిట్టాను, చేయి పట్టి గుంజాను. అది ఏడవలేదు.

అందరికన్నా ఎక్కువ అదిరిపోయింది మా అత్త. "నేను సొమ్ము సంగతి అడిగిన గని ఇల్లిడిసి పొమ్మన్ననా?" అని కనపడ్డవాళ్ళందరినీ అడిగింది. తర్వాత 'ఎవల సొమ్ము' అన్న ఆ పాత మాట మళ్ళీ ఆమె నోట్లోంచి నేను వినలేదు.

మరుసటి నెల పెద్దాయన ముప్పై అయిదు తెచ్చి నా చేతిలో లెక్కపెట్టాడు. మా ఇంటాయన మాట తప్పే మనిషి కాదు. నేను మొత్తం అత్త ముందు పెడితే ఆమె ముప్పై తీసుకుని అయిదు నా వైపు తోసింది.

"గవి ఆ పిల్లవి. పంపియ్యి."

పంపించాను. బొంబాయికి తిరుగు ప్రయాణంలో షోలాపురంలో దిగి ఇవ్వమని పెద్దాయనను బతిమాలి, కాళ్ళు పట్టుకున్నంత పని చేసి ఆ అయిదూ పంపించాను. కల్దారు ఇప్పుడు అక్కడా ఇక్కడా ఒక్కటే కదా, దారిలో తరుగు పోదు, కనీసం అదైనా మేలనుకున్నాను.

మళ్ళీ నెలకు పెద్దాయన వచ్చి ముప్పై అయిదు ఇచ్చాడు. తర్వాత అంగీ లోపలి జేబులోంచి ఇంకో అయిదు తీసి విడిగా నా చేతిలో పెట్టాడు. "తీస్కోలేదు బిడ్డా" అన్నాడు. నేను ఇచ్చిన నోట్లే. ఒక్క పైసా తరగలేదు.