నెత్తళ్ల మీద సాక్సోఫోన్

విజయనగరంలో జాజ్ వినేవాళ్లం నలుగురం ఉండేవాళ్లం. అయిదోవాడు ఉన్నాడని అప్పుడప్పుడూ వినిపించేది గానీ అది పుకారు. మాది గోడకి మేకు కొట్టినా శ్రుతి చూసుకుని కొట్టే ఊరు. వీధికో వయొలిన్, వయొలిన్‌కి ఇద్దరు పండితులు: ఒకరు వాయించడానికి, ఒకరు పెదవి విరవడానికి. అలాంటి ఊళ్లో ప్రతి ఆదివారం మా స్టీలు సామాన్ల కొట్టు వెనక గదిలో చేరి ట్రంపెట్ పెట్టుకునేవాళ్లం. పక్కింటి పెద్దాయన చాలాసేపు ఓపిక పట్టి, ఆఖరికి గోడ మీంచి తల పెట్టి, "ఏటి నాయినా, ఇంకా సుతి కలపడం అవనేదా?" అని అడిగేవారు. వెటకారానికి కాదు. కచేరీ ఎప్పుడు మొదలవుతుందా అని నిజంగానే ఎదురుచూసేవారు.

మా నలుగురిలో పెద్ద, రిటైరైన స్టేషన్ మాస్టరు గారు. చీపురుపల్లి నుంచి పాసింజరులో వచ్చేవారు. కుర్రతనంలో ఖరగ్‌పూర్‌లో పని చేస్తున్నప్పుడు, దేశం వదిలి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు తన క్యాసెట్ల పెట్టె ఈయన చేతుల్లో పెట్టి, కూతుర్ని అత్తారింటికి పంపినట్టు ఏడ్చాడట. "రైళ్లు లేటవబట్టి నాకు జాజ్ వచ్చింది. టయానికి వచ్చుంటే హరికథ దగ్గరే ఆగిపోదును," అనేవారు మాస్టరు గారు. ఆయన మాకు అధ్యక్షుడు. ఎన్నిక ఏమీ జరగలేదు. వచ్చిన మొదటి రోజే ఫ్యాను కింద కుర్చీలో కూర్చున్నారు, అంతే.

రెండో ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో మగ్గాల మధ్య జీవితం గడిపినవాడు. ఆ మోతకి అతని చెవులు ఎంతగా పండిపోయాయంటే, డ్రమ్ముల కంటే సన్నని చప్పుడేదీ వాటికి ఆనేది కాదు. సాక్సోఫోన్ అనే వాయిద్యం ఉందని ఫొటోలు చూసి నమ్మాడు.

మూడోవాణ్ణి నేను. నా పాండిత్యం గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు, చెప్పడానికి వేరేవాళ్లు లేరు. కాబట్టి వదిలేద్దాం.

నాలుగో మనిషి మా బావ. వరసకి ఏమీ కాడు. మా వైపు మనిషి నచ్చితే బావ, మరీ నచ్చితే ఒరే బావ. భోగాపురం దాటి సముద్రం వైపు తిరిగితే వచ్చే ఊళ్లో ఎండు చేపల వ్యాపారం. అతను గదిలోకి రాకముందే నెత్తళ్ల వాసన వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చునేది. ఒకసారి మా కొట్టుకి గంగాళం కొనడానికి వచ్చి, వెనక గదిలోంచి వస్తున్న సాక్సోఫోన్ విని, గంగాళం నెత్తిన బోర్లించుకుని అలాగే నిలబడిపోయాడు. పాట అయ్యాక, "ఇది నాకు కావాల," అన్నాడు. నేను గంగాళం ధర చెప్పాను. అతను ఫోన్‌లోంచి మెమరీ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ పాట పేరు చెప్పను. చెబితే మీరు విని "ఇదా" అంటారు, మా బావ ఊరుకోడు. ఒక ముసలాయన సాక్సోఫోన్ మీద ఏదో చెప్పబోయి, మధ్యలో మరిచిపోయి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఊరి పొలిమేర దాటి, గుర్తొచ్చాక తాపీగా ఇంటికొచ్చే పాట. వెతుకులాట మధ్యలో డ్రమ్ముల వాడు ఒక్కడే వాయిస్తాడు. ముసలాయన అప్పుడు మంచినీళ్లు తాగుతుంటాడని మా అంచనా.

మా సభకి ఒకే ఒక్క ఆచారం ఉండేది. ప్రతి ఆదివారం ఒక్కొక్కరూ తాము ఇప్పుడు ఏం వింటున్నారో చెప్పి, అది అందరికీ వినిపించాలి. టీ వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. టీ వచ్చాక ఎవరూ మూయకూడదు. మాస్టరు గారు ప్రతివారం కొత్త ట్రంపెట్ తెచ్చేవారు. మిల్లు ఆయన కొత్త డ్రమ్ములు తెచ్చి, వింటున్నంతసేపూ నా సరుకులో ఏదో ఒక బేసిన్ మీద దరువేసేవాడు. నేను పియానో తెచ్చేవాణ్ణి, ఎందుకంటే పియానో ఇష్టమని చెబితే గౌరవం ఎక్కువ. ఆఖరున మాస్టరు గారు కళ్లజోడు సర్దుకుని బావ వైపు తిరిగేవారు.

"నువ్వేటి ఇంటన్నావు?"

"అదే," అనేవాడు బావ.

ఎండాకాలం అదే. వానాకాలం అదే. తుపాను వచ్చి ఊళ్లో కరెంటు స్తంభాలు పడుకున్నప్పుడూ, దారి బాగవగానే వచ్చి, "అదే," అన్నాడు. మేం అతన్ని ఎంతగా ఏడిపించేవాళ్లమంటే, టీ సగం దానికే చల్లారేది. అతను నవ్వేవాడు. నెత్తళ్ల పొట్లం మా ముందుకి తోసి, "మీరు నవ్వండి, నాకేటి," అనేవాడు.

ఒక ఆదివారం మాస్టరు గారికి పాసింజరులో సీటు దొరకలేదు. నిలబడి వచ్చిన మనిషి మంచి మాట ఆడడు.

"ఒరే, ఇన్నాళ్లూ ఒక్క పాటేటిరా. మనిషన్నోడు మారడా?"

"నానెలగ మార్సగలను మాస్టారూ," అన్నాడు బావ. "మారిస్తే కాకులొస్తాయి."

ఆ మాట మిల్లు ఆయనకి కూడా వినిపించింది.

విషయం ఏమిటంటే, బావ ఒడ్డున వలలు పరిచి నెత్తళ్లు ఆరబోస్తాడు. కాకులు వస్తాయి. మా సముద్రం ఒడ్డు కాకులు మీ ఊరి కాకుల్లాంటివి కావు. ఒక్కొక్కటీ పుంజంత ఉంటుంది, నడక చూస్తే సర్పంచికి బంధువనుకుంటాం. వాటిని తోలడానికి బావ ఒక స్పీకరు కొని, మధ్యలో పెట్టి, పొద్దస్తమానం ఆ సాక్సోఫోన్ మోగిస్తున్నాడట.

"అంటే," అన్నారు మాస్టరు గారు నెమ్మదిగా, "నువ్వు జాజ్ ఇనడం నేదు. కాకుల మందు జల్లుతన్నావు."

"అలగంటారేటి."

"మరేటంటారు? పురుగుల మందు కొట్టేవోడు సెంటు రాసుకున్నట్టా? సూడు, వచ్చే ఆదివారం కొత్తది తెస్తే నువ్వు మాలో మనిషివి. నేదంటే నువ్వు కాకులోడివి. ఈ గదికి రానక్కర్నేదు."

నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు ఉన్నదున్నట్టు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. నాకు తెలిసి మా బావ టీ వదిలిన సందర్భం చరిత్రలో లేదు.

వారం మధ్యలో ఫోన్ చేశాడు. "బావా, నీ పియానో ఎట్టినాను. కాకులు సుట్టాల్ని కూడా తెచ్చుకున్నాయి. మాస్టారి ట్రంపెట్ ఎట్టినాను. గెద్దలొచ్చినాయి. నావల్ల అవదు బావా. కానీ ఆదివారం రాకపోతే నాకు తోచదు. ఆయనతో ఓ మాట సెప్పవా?"

చెప్పాను. మాస్టరు గారు, "సిగ్నల్ ఇచ్చీసినాక దించకూడదు," అన్నారు.

ఆదివారం బావ రాలేదు. ట్రంపెట్ విన్నాం, డ్రమ్ములు విన్నాం, పియానో విన్నాం. టీ వచ్చింది. ఎవరికీ మాట రాలేదు. ఇన్నేళ్లూ మేం బావని ఏడిపించడం మధ్య ఖాళీల్లో జాజ్ వింటున్నామని, ఖాళీలే మిగిలితే అది మరీ పొడుగ్గా ఉంటుందని ఆరోజు తేలింది. మిల్లు ఆయన బేసిన్ పక్కన పెట్టి, "పోదాం పదండి," అన్నాడు. మాస్టరు గారు, "నేను తనిఖీకి మాత్రమే వస్తాను," అని, అందరికంటే ముందు మా సామాన్ల ఆటోలో ఎక్కారు.

ఊరింకా కనిపించకముందే సాక్సోఫోన్ వినిపించింది. సముద్రం హోరు కింద పడి, లేచి, మళ్లీ పడుతూ. సరుగుడు తోట దాటి ఒడ్డుకి వెళ్లేసరికి మాకు కనిపించిన దృశ్యం ఇది: ఇసుక మీద వెండి పరిచినట్టు నెత్తళ్లు. మధ్యలో స్టూలు. స్టూలు మీద స్పీకరు. స్పీకరు మీద కాకి. కింద ఇంకో ఇరవై ముప్పై కాకులు పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు కూర్చుని, నిదానంగా, మర్యాదగా భోంచేస్తున్నాయి. ఆ సంగీతానికి ఒక్క ఈక కూడా చలించడం లేదు. పైగా స్పీకరు మీది కాకి, ముసలాయన మరీ పై స్థాయికి వెళ్లినప్పుడల్లా, తల పక్కకి వంచి, బాగుందన్నట్టు చూస్తోంది.

వాటిని తోలుతున్నది వెదురు కర్ర. కర్ర పట్టుకున్నది బావ భార్య. నాకు అక్క వరస. వ్యాపారం పేరుకి బావది. ఒడ్డు మీద మాట అక్కది. బావ మమ్మల్ని చూసి, స్పీకరుకి అడ్డంగా నిలబడ్డాడు, సారా సీసాకి అడ్డం నిలబడ్డట్టు.

"ఏటమ్మా," అన్నారు మాస్టరు గారు అక్కతో, "ఈ పాట కాకులు రాకుండా ఎట్టినారట గదా?"

"అలగని ఆయన సెప్తాడు, మావా. మొదట్లో ఎగిరిపోనాయి. వారం తిరక్కుండానే అలవాటు పడిపోనాయి. ఇప్పుడు పాట మోగితే కూడు ఏసినట్టని అన్నీ ఒకేసారి వస్తాయి."

"మరి ఆపీమని సెప్పనేదా?"

"సెప్పినాను. 'కాకులొచ్చెస్తాయే' అంటాడు. కాకులు ఆయన కాలి మీదే కూకుని ఉంటాయి, అలగే అంటాడు. ఒకసారి నేనే ఆపీసినాను. సాయంత్రం దాకా మూతి ముడుసుకుని సముద్రం కేసి కూకున్నాడు. కాకుల్ని కర్రతో తోలొచ్చు గానీ, ఆ మూతిని దేంతో తోలతాం? ఎట్టుకోమన్నాను."

బావ ఇసుకలో బొటనవేలితో గుంట తవ్వుతున్నాడు. ఇంట్లోనూ కాకుల పేరే, మా దగ్గరా కాకుల పేరే. ఒక్క పాట ఇష్టమై దాన్ని వదల్లేకపోతున్నానని చెప్పడానికి సిగ్గుపడి, ఇన్నాళ్లూ నెత్తళ్లు ధారపోసి పక్షుల్ని మేపుతున్నాడు. నేనైతే పియానో కోసం ఒక్క గరిటె కూడా పోగొట్టుకోలేదు.

ఈలోగా పాటలో డ్రమ్ముల వంతు వచ్చింది. ఒడ్డు మీద నెత్తళ్లు తిరగేస్తున్న ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నడుములు పట్టుకుని లేచారు. అడ్డపొగ తాగే ముసలమ్మ చుట్ట నిప్పు కొస నోట్లోంచి బయటికి తీసి, ఊది చూసుకుని, మళ్లీ లోపల పెట్టుకుంది. ఒకావిడ చెంబుతో నీళ్లు పోసింది. ముసలాయన సాక్సోఫోన్ మళ్లీ అందుకోగానే అందరూ వంగారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"డ్రమ్ములకి లేస్తన్నారు," అన్నాడు మిల్లు ఆయన. "షిఫ్టు కూత లాగ."

మాస్టరు గారు బోర్లించి ఉన్న తట్ట మీద కూర్చుని, "మొదటికంటా ఎట్టు," అన్నారు బావతో.

బావ పెట్టాడు. పెట్టి, అక్కడే నిలబడి, "మాస్టారూ, ఇంతకీ నేను మీలో ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

"కూకుంటే కూకున్నావు గానీ చెయ్యి ఊరికే ఉంచకు, మావా," అంటూ అక్క తన కర్ర తెచ్చి మాస్టరు గారి చేతిలో పెట్టింది. ఆయన పచ్చజెండా అందుకున్నంత గంభీరంగా అందుకున్నారు. కళ్లు మూసుకుని, తాళానికి తగ్గట్టు కర్ర ఎత్తడం, దించడం మొదలుపెట్టారు. కాకులు ఒక్కసారి చూసి లెక్క పట్టేశాయి. కర్ర లేచినప్పుడు ఒక అడుగు వెనక్కి, దిగినప్పుడు రెండడుగులు ముందుకి.

బావ మళ్లీ అడిగాడు. "మాస్టారూ."

"ఉన్నావులేరా," అన్నారు ఆయన కళ్లు తెరవకుండా. "ఇలగ ఒక్కదాన్నే పట్టుకుని ఏలాడ్డం నావల్ల ఎప్పుడూ అవనేదు. నువ్వే ఉన్నావు. మేమే వస్తాం, పోతాం. ఇంక మాటాడకు, ముసలోడు ఊరి బయటికి ఎల్తన్నాడు."

బావ ఆయన పక్కనే ఇసుకలో చతికిలబడ్డాడు. ఆ సందులో పుంజంత కాకి ఒకటి మాస్టరు గారి మోకాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లి, ఉన్నవాటిలో పెద్ద నెత్తలి ఏరుకుని, వచ్చిన దారినే తిరిగి వెళ్లింది.

అక్క చూసింది.

"మావా," అంది, "నీవల్ల ఏటీ అవదు గానీ, కర్ర ఇలగిచ్చీ."