ఇంటి మడి వంకాయలు

మా అన్నయ్య పంపే వంకాయల్లో పుచ్చు ఉండేది కాదు. చాలాకాలం అది నాకు గొప్పగానే అనిపించింది. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేసినవాడిని, పురుగుల సంగతి పురుగులకే వదిలేశాను.

మా ఊరు అనకాపల్లి అవతల. పొలం ఇప్పటికీ ఇద్దరిదీ, సాగు మాత్రం అన్నయ్యది. నేను స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు వెల్డర్ని, కూర్మన్నపాలెంలో అద్దె కాపురం. వారానికోసారి అన్నయ్య గోనె నింపి విశాఖపట్నం బస్సులో వేస్తాడు, నేను షిఫ్టు దిగి వచ్చి జంక్షన్లో దింపుకుంటాను. వంకాయలు, బెండకాయలు, చలికాలమైతే చిక్కుళ్లు. మా పెళ్లినాటి బంధువుల్లో చాలామంది రావడం మానేశారు గానీ ఆ గోనె మాత్రం మానలేదు.

మావైపు కూరగాయలు పండించే ఇళ్లలో ఒక అలవాటుంది. అమ్మకానికి వేసే చేను వేరు, ఇంట్లోకి వేసే మడి వేరు. బావి పక్కన నాలుగు సాళ్లు. మందు ట్యాంకు అటువైపు వెళ్లదు. పురుగు తిన్నంత తింటుంది, మిగిలింది మనం తింటాం. మా అమ్మ బతికుండగా అంతే, ఇప్పుడూ అంతే. ఇందులో దాపరికం ఏమీ లేదు, ఊరంతటికీ తెలుసు.

నా గోనె చేలోదా, మడిలోదా అని నేనెప్పుడూ అడగలేదు. సొంత అన్నని అదేం ప్రశ్న? పైగా పక్కవాటా ఆయనకి నాలుగు కాయలు పెట్టినప్పుడల్లా డప్పు కొట్టేవాడిని. "మందు సుక్క తగల్నియ్యం బావా! కిటికీ మీద పడే నల్లపొడి మన సేతుల్లో లేదు. కంచంలోదైనా మనది ఉండాల గదా!"

కిందటి వానల్లో మా అమ్మాయికి పచ్చకామెర్లు వచ్చాయి. లేచింది గానీ, కాలేయం ఇంకా పూర్తిగా కోలుకోలేదని, తిండి జాగ్రత్తని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఆ గోనె మా ఇంట్లో మందులతో సమానమైంది. అమ్మాయి ఇంటరు బైపీసీ. ఓ రోజు కత్తిపీట ముందు కూర్చుని, కోసిన వంకాయల్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాన్నా, ఒక్క పుచ్చయినా లేదేటి?"

"మీ పెదనాన్న సేతి మహిమ. పురుగులు కూడా ఆయనకి దండమెట్టి ఎల్లిపోతాయి."

"పురుగు లేని కాయంటే, పురుగు కూడా నాకొద్దన్న కాయ, నాన్నా."

తర్వాత పాఠం మొదలెట్టింది. కొన్ని మందులు తొక్క మీద ఆగవట. మొక్క నీటితోపాటు లోపలికి పోయి కండలో చేరతాయట. ఉప్పునీళ్లలో ఎంత కడిగినా రావట. "నీ పాఠం మన పొలానికి తెలీదులే" అని నవ్వేశాను. ఆ పూట మాత్రం కూర పక్కకి జరిపి మజ్జిగతో తిన్నాను.

సెలవు రోజు చూసుకుని, చెప్పకుండా ఊరెళ్లాను. గట్టు దిగేసరికే ముక్కు మండింది. ఆకులింకా తడిగా ఉన్నాయి. అన్నయ్య వీపు మీది ట్యాంకు దించి, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు విప్పుతున్నాడు.

"ఏట్రా, సెప్పకుండా ఒచ్చీసావ్! నీ గోనె కుట్టీసాను, సూడు."

"ఇయ్యి ఏ సేలోయి అన్నియ్యా?"

"ఈ సేలోయే. ఇంకెక్కడియి?"

"మరి మడిలోయి?"

"మడిలోయి ఇంట్లో తినీవోల్లకి సరిపోవాల గదా."

చెమట తుడుచుకుంటూ, ఈ ఏడు వానలు తక్కువ అన్నంత మామూలుగా అన్నాడు. అబద్ధమాడి ఉంటే బాగుండేది. నా దగ్గర దాచాలన్నంత భయమైనా ఉందనుకునేవాడిని.

"నానెవర్ని మరి?"

"నువ్వా? టౌనోడివి. బజార్లో కొనుక్కున్నా ఇయ్యే గదరా! నాను ఊరికే పంపుతన్నాను."

మధ్యాహ్నం వదిన వంకాయ కూర వడ్డించింది. పుచ్చు తీసేయగా మిగిలిన వంకర ముక్కలు. నోట్లో పెట్టుకుంటే మా అమ్మ కూరే. ఇన్నేళ్లుగా ఇంటికి వచ్చిన గోనెల్లో ఈ రుచి లేదని అప్పుడు తెలిసింది. కూర్మన్నపాలెం నీళ్లని తిట్టుకున్నాను ఇన్నాళ్లూ!

"ఇంకాస్త ఏసుకో బాబూ, సిక్కిపోనావు" అంది వదిన. నిజంగా ప్రేమతోనే అంది. అదే నన్ను ఎక్కువ కోసింది. కంచం ముందు కూర్చుంటే ఇంటివాడిని, బస్సెక్కితే గిరాకీని.

"ఒదినా, మడిలో ఒక్క సాలు పాపకి ఒదిలీండి" అన్నాను.

వదిన అన్నయ్య వైపు చూసింది. అన్నయ్య పకపకా నవ్వాడు. "పుచ్చులు పంపితే మీ టౌనోల్లు నన్ను తిడతారు. మల్లీ జోకులేటి!"

"జోకు కాదన్నియ్యా."

నా నోట ఆ మాట వాళ్లెప్పుడూ విని ఉండరు. అన్నయ్య తలెత్తకుండా మజ్జిగ కలుపుకున్నాడు.

బస్సు వేళకి ఎప్పట్లాగే గోనె భుజానికెత్తుకున్నాడు.

"ఒద్దు. సంతకి పంపీ."

"కోపమేట్రా?"

"ఆ గోనె సంతదే గదా."

అన్నయ్య వెనక్కి వెళ్లి, తెల్లారితే మార్కెట్టుకి పోవాల్సిన గోనెల పక్కన దించాడు. అన్నీ ఒకే కుట్టు, ఒకే తాడు. గడప దిగి మళ్లీ వెనక్కి చూశాను. ఏది నాదో ఆనవాలు దొరకలేదు.