సారు వస్తాండని సర్దిన ఫేజు

తలుపు తెరుచుకోకపోవడానికి కారణం బటన్ నొక్కిన మనిషేనని గడియ అమర్చిన కంపెనీ వాళ్లు తేల్చేశారు. "పరికరం బాగుంది, వాడేవారి వేళ్లలో బలం లేదు" అని రిపోర్టులో రాసి ఫిర్యాదు మూసేశారు. ఆ వాక్యం గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇది మొన్నటి ఎండాకాలం, మడికొండ దగ్గర ఒక కొత్త కాలనీలో జరిగింది. సుగుణకు నలభై ఏళ్లుంటాయి. రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని మంచం మీదే ఉంటుంది. అన్న ప్రభాకర్, వదిన స్వరూప ఉద్యోగాలకు వెళితే, మధ్యాహ్నం వదిన అన్నానికి వచ్చి వెళ్లడం తప్ప, పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే. చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేస్తుంది. అందుకు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. మంచం పక్కనున్న బటన్ నొక్కితే వీధి తలుపు గడియ తెరుచుకునే ఏర్పాటు చేశారు. దానికి వేరే తీగలు లేవు. ఇంట్లో కరెంటు నడిచే తీగల మీదుగానే సంకేతం వెళ్తుంది. దీన్నే పవర్‌లైన్ కమ్యూనికేషన్ అంటారు.

ఆ గడియ మధ్యాహ్నాల్లో మొరాయించేది. ఒకరోజు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఎండలో నిలబడి, పిలిచి పిలిచి వెళ్లిపోయింది. ఆపైన ఆ రిపోర్టు. ప్రభాకర్ భయపడి పక్కింటి పెద్దమ్మను పగలంతా చెల్లెలి దగ్గర కూర్చోబెట్టాడు. ఆవిడకు టీవీ సీరియల్ లేనిదే తోచదు. సుగుణ పాఠాలు ఆగిపోయాయి.

సుగుణ తండ్రి నాకు స్నేహితుడు. ఆ చనువుతో నన్ను పిలిపించింది.

"కాకా, నేను నొక్కుతాన. అది వింటలేదు. వీళ్లు నా మాట వింటలేరు."

వైరింగ్ నేను బళ్లో నేర్చుకోలేదు. మోటార్లు విప్పి, ఇంగ్లీషు మాన్యువల్ పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. ముందు ఇన్వర్టర్‌ను అనుమానించాను. కొన్ని ఇన్వర్టర్లు తీగల్లోకి నాయిస్, అంటే సంకేతాన్ని ముంచేసే రొద, వదులుతాయి. దాన్ని తప్పించి చూస్తే గడియ తెరుచుకుంది. మళ్లీ కలిపి చూసినా తెరుచుకుంది. నా అనుమానం తప్పు.

స్వరూప చాయ్ తెచ్చింది. "కంపెనీ సారు వచ్చినప్పుడు గూడ ఇట్లనే మంచిగ పనిచేసింది కాకా. మేమే అబద్ధం చెప్పినట్టయింది."

"ఆయన వచ్చే ముందు ఏమన్న ముట్టుకున్నవా బిడ్డా?"

"ఏం లేదు. ఇల్లు ఊడ్చిన, దుప్పటి మార్చిన, ఫేజు సక్కగ పెట్టిన."

"ఫేజెందుకు?"

"కొత్త మనిషి వస్తాండు గద, అన్నీ ఎక్కడియి అక్కడుండాలె. ఇయ్యాల నువ్వొస్తానవని గూడ పెట్టిన."

సుగుణ మంచం మీంచే నవ్వింది. "మా వదినె కరెంటుకు గూడ మర్యాద చేస్తది."

ఆ ఇంటికి మూడు ఫేజులు, అంటే మూడు వేర్వేరు కరెంటు దారులు ఉన్నాయి. ఒకదాంట్లో వోల్టేజీ పడిపోతే చేంజోవర్ స్విచ్ తిప్పి గదిని ఇంకోదాని మీద వేయడం మా దగ్గర అలవాటే. నా చిన్నతనంలో ఫ్యూజు పీకి పక్కదాంట్లో గుచ్చేవాళ్లు. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన స్వరూప, ఫ్యాను నెమ్మదించిందని, ఆడబిడ్డకు ఉక్కపోయకూడదని, సుగుణ గదిని పక్క ఫేజుకు తిప్పి వెళ్లేది. గదితో పాటు బటన్ కూడా మారేది, గడియ మాత్రం పాత ఫేజు మీదే ఉండేది. ఒక ఫేజులో బయల్దేరిన సంకేతం ఇంకో ఫేజుకు సరిగా దాటదు. కొత్త మనిషి వస్తాడంటే మాత్రం గదిని మళ్లీ పాత ఫేజుకే తిప్పి పెట్టేది.

తిప్పించి చూశాను. సుగుణ నొక్కింది. గడియ కదల్లేదు.

స్వరూప మొహం చిన్నబోయింది. "ఇగ తిప్పుడు బందు పెడత కాకా."

"బందు పెడితే పిల్ల ఉక్కకు ఆగమైతది. తిప్పినా నడిచేటట్టు చేద్దాం."

మెయిన్ ఆపి బోర్డులో ఫేజ్ కప్లర్ పెట్టాను. ఫేజుల కరెంటును కలవనివ్వకుండా సంకేతాన్ని మాత్రం ఇటునుంచి అటు దాటించే చిన్న పెట్టె అది. ఆ తర్వాత స్విచ్ ఎటు తిప్పినా గడియ తెరుచుకుంది. కంపెనీకి రాసి రాసి ఆ వాక్యాన్ని రిపోర్టులోంచి తీసేయించాను. క్షమాపణ మాత్రం వాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. చుట్టం కోసం సర్దిన ఇంట్లో లోపం కనబడదని, మనిషిని తప్పుపట్టే ముందు మామూలు రోజున ఆ ఇల్లు ఎలా నడుస్తుందో అడగాలని నాకు తెలిసింది ఇక్కడే.

ప్రభాకర్‌కు ఇంకా ధైర్యం చాలలేదు. "జర కొన్నాళ్లు పెద్దమ్మను ఉండనీ కాకా" అన్నాడు.

"నీ చెల్లె వేళ్లల్ల బలమున్నది. నీకే లేదు" అన్నాను.

తర్వాత ఒక మధ్యాహ్నం సుగుణకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. మనసాగక, "పక్కన ఎవరున్నరు బిడ్డా? గడియ పనిచేస్తాందా?" అని మెసేజ్ పెట్టాను. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"ఎవ్వరు లేరు కాకా. పాఠం రికార్డు చేస్తాన. నువ్వు గూడ ఫోన్ చెయ్యకు."